యంత్రగానము దేశాటనమునకు వెడలిన కథ

సంగీతము పుట్టిననాటినుండియు గాయకునకు దేశాటనము సహజధర్మముగనే ఉన్నది. వైణికుడు వీణను, నాదస్వర విద్వాంసుడు తన వాద్యమును వెంటగొని సంస్థానమునుండి సంస్థానమునకును, ఉత్సవమునుండి ఉత్సవమునకును సంచరించుచు, ఎక్కడ రసజ్ఞులు గలరో అక్కడనే తమ విద్యను ప్రదర్శించిరి. కాని విద్యుచ్ఛక్తివలన నాదమును పుట్టించు యంత్రములు అవతరించినపుడు ఈ ధర్మమునకు పెద్ద విఘాతము కలిగెను. ఏలయన ఆ యంత్రములు పుట్టుకతోడనే స్థావరములు. ఎలెక్ట్రానిక్ సంగీతబృందము ఒకటి క్రొత్త ఆల్బమును వెలువరించి, దానిని వినిపించుటకై ఖండఖండాంతరములు తిరిగివచ్చుట నేడు సామాన్యవిషయమే. ఐనను ఆ స్థావరము జంగమమగుటకు దాదాపు ముప్పాతిక శతాబ్దము పట్టినది. జర్మనీ దేశపు క్రాఫ్ట్‌వెర్క్ బృందము 1981లో చేసిన ప్రపంచయాత్ర ఆ చరిత్రకు శిఖరమని నా దృఢవిశ్వాసము.

థాడియస్ కాహిల్ అను అమెరికను 1897లో పేటెంటు పొంది నిర్మించిన టెల్హార్మోనియమును తలచుకొన్నచో ఈ స్థావరత్వ మెంత గాఢమైనదో బోధపడును. దాని రెండవ రూపము సుమారు 200 టన్నుల బరువు తూగెడిది. విద్యుదుత్పాదక చక్రములు గిరగిర తిరిగి స్వరములను జనింపజేయగా, అవి టెలిఫోను తీగల మార్గమున హోటళ్ళకును గృహములకును ప్రవహించెడివి. 1906లో దానిని న్యూయార్కునకు చేర్చుటకు రైలుపెట్టెల వరుసయే కావలసివచ్చెను. వాద్యము శ్రోతకడకు పోజాలకున్నచో నాదమే పోవుగాక అన్న ఆ ఊహ మహత్తరమైనది. కాని పొరుగువారి టెలిఫోను సంభాషణలలోనికి సంగీతము చొరబడుటచేత ఫిర్యాదులు పెరిగి, ఆ ఉద్యమము కొలదికాలమునకే అంతరించెను.

రష్యా శాస్త్రజ్ఞుడు లెవ్ థెరెమిన్ త్రొక్కిన త్రోవ దీనికి కేవలము భిన్నము. ఒక పెట్టెలో ఇమిడిన ఆతని వాద్యమును చేతితో తాకవలసిన పనియే లేదు: ఒక హస్తము నిలువుకడ్డీకి సమీపించినకొలది శ్రుతి హెచ్చును, రెండవ హస్తము వలయమునకు సమీపించినకొలది నాదము తగ్గును. 1922లో లెనిన్ ఎదుట దీనిని ప్రదర్శించిన థెరెమిన్ 1927లో యూరపు పర్యటనమునకు వెడలి, బెర్లిను, పారిస్, లండను నగరముల సభలను విస్మయమున ముంచి, ఆ సంవత్సరాంతమునకు అమెరికా చేరెను. ఎలెక్ట్రానిక్ వాద్యముతో జరిగిన తొలి అంతర్జాతీయ సంచారములలో దీనికి అగ్రస్థానము నీయవలెను.

రెండవ ప్రపంచయుద్ధానంతరము మరల స్థావరయుగమే వచ్చెను. 1951లో హెర్బర్ట్ ఐమెర్ట్ ప్రభృతులు కొలోన్ రేడియోకేంద్రమున నెలకొల్పిన స్టూడియోలో స్టాక్‌హౌజెన్ వంటి స్వరకర్తలు టేపును ముక్కలుగా కోసి, అతికి, మాసములతరబడి కూర్చిన రచనలు సభకు వచ్చినపుడు, వేదికపై విద్వాంసుడు కానరాక, లౌడుస్పీకర్లు మాత్రమే శ్రోతలకు అభిముఖముగ నిలిచెడివి. అది ఘనమైన తపస్సు. కాని సభకును విద్వాంసునకును నడుమ క్షణక్షణము జరుగవలసిన ఆదానప్రదానము అందు లోపించెను.

1964లో రాబర్ట్ మూగ్ రూపొందించిన సింథసైజరు ఈ లోపమును తీర్చుటకు దారిచూపెను. (ఆ మూగ్ యంత్రములలో ఒకటి 1969లోనే డేవిడ్ ట్యూడర్ మూలమున మన అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు వచ్చినదన్న సంగతి మనవారిలో పలువురెరుగరు.) 1970లో చిన్నదియగు మినీమూగ్ వెలువడెను. బెర్లినుకు చెందిన టాంజరిన్ డ్రీమ్ బృందము 1974 డిసెంబరులో ఫ్రాన్సుదేశపు రేమ్స్ మహాదేవాలయమున కచేరి చేసెను. కాని ఆనాటి సింథసైజర్లు శీతోష్ణముల కోర్వజాలక, సభ వేడెక్కినకొలది శ్రుతి తప్పెడివి. వాయించుటతోబాటు శ్రుతిచేయుటయు ఎడతెగని పనిగ నుండెను.

ఇక క్రాఫ్ట్‌వెర్క్ విషయము. రైను నదీతీరమున, కర్మాగారముల సీమకు అంచున నున్న డ్యూసెల్డార్ఫ్ నగరమున సంగీతవిద్యార్థులుగ కలిసికొన్న రాల్ఫ్ హ్యూటర్, ఫ్లోరియన్ ష్నైడర్ అను యువకులు 1970లో ఈ బృందమును స్థాపించిరి. ష్నైడర్ మొదట వేణువాదకుడు. యుద్ధములో సర్వస్వము ధ్వంసమైన దేశమున, అమెరికా పాటలను అనుకరించుట తప్ప యువతకు వేరు మార్గము తోపని ఆ దినములలో, తమ పట్టణపు యంత్రఘోషనుండియే తమ సంగీతము పుట్టవలెనని వీరు నిశ్చయించుకొనిరి. ఈ నిశ్చయమునే నేను వీరి ప్రతిభకంటె మిన్నగ ఎంతును. 1974లో వెలువడిన ‘ఆటోబాన్’ రాజమార్గముపై కారు ప్రయాణమును 22 నిమిషములకు పైగా సాగు నాదచిత్రముగ మలచెను. దాని సంక్షిప్తరూపము అమెరికాలో జనాదరము పొందగా, 1975లో బృందము ఆ దేశమంతట పర్యటించెను. తాళవాద్యమునుగూడ వీరు విడువలేదు: లోహపుకడ్డీతో తాకినంతనే మ్రోగు పలకలను కల్పించి, వోల్ఫ్‌గాంగ్ ఫ్లూర్, కార్ల్ బార్టోస్‌ల చేతికిచ్చి, ఆ కల్పనకు అమెరికాలో పేటెంటునుగూడ సంపాదించిరి.

1978లో ‘మాన్-మెషీన్’ వెలువడిన పిమ్మట మూడు సంవత్సరములపాటు వీరినుండి క్రొత్త ఆల్బము రాలేదు. ఆ కాలమున జరిగిన పనియే నా కథకు ప్రాణము. క్లింగ్ క్లాంగ్ అని తాము పేరిడుకొన్న సొంత స్టూడియోను విడదీసి పెట్టెలకెత్తుటకును, మరల మరియొక వేదికపై యథాతథముగ నిలుపుటకును అనువగునట్లు వారు పునర్నిర్మించిరి. సంగీతకారుడు స్టూడియోను విడిచి సభకు పోవుట అంతకుముందున్న పద్ధతి. స్టూడియోయే సభకు పోవుట వీరి పద్ధతి. 1981 మే మాసమున వెలువడిన ‘కంప్యూటర్ వరల్డ్’ ఆల్బము పోలీసు విభాగములును, బ్యాంకులును మనుష్యుని అంకెలుగ మార్చి భద్రపరచు కాలమును, యంత్రమునెదుట ఒంటరియై కూర్చున్న మనుష్యుని వేదనను ముందుగనే పసిగట్టినది. అంతటి రచన చేసినవారికడ ఆ సమయమున కంప్యూటరే లేదు. కావలసిన లయనంతయు సీక్వెన్సరను పూర్వతర యంత్రములతోడనే వారు సాధించిరి.

ఆ మాసముననే ఇటలీలో మొదలైన యాత్ర సంవత్సరాంతమువరకు సాగెను. ఫ్రాన్సు, బ్రిటను, అమెరికా, జపాను, ఆస్ట్రేలియాలతోబాటు, ఆనాడు పాశ్చాత్య బృందములు విరళముగ అడుగిడు పోలండు, హంగేరిలకును, మన బొంబాయికిని వారు వెళ్ళిరి. వేదికపై పరికరములు విశాలమైన కోణాకృతిలో అమరియుండ, వాని నడుమ నలుగురును ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞులవలె నిశ్చలముగ నిలువ, వెనుక తెరలపై చిత్రములు ప్రసరించెడివి. ఒక పాటకు ఆ నలుగురి రూపమున చేయించిన మరబొమ్మలు వారి స్థానమున నిలిచెడివి. ఐనను ఆ యాత్రకంతకును కిరీటమువంటి ఘట్టము జేబు లెక్కలయంత్రమును గూర్చిన పాట. అరచేత ఇమిడెడి కాలిక్యులేటరును, బొమ్మవంటి కీబోర్డును పట్టుకొని కళాకారులు వేదిక అంచునకు వచ్చి, ముందువరుసలోని శ్రోతల చేతికందించి, మీటలను వారిచేతనే నొక్కించెడివారు. కొలోన్ సభలలో మనుష్యుడే కానరాని వేదికనుండి, శ్రోతయే వాదకుడగు ఈ వేదికకు ముప్పదేండ్లలో ఎలెక్ట్రానిక్ సంగీతము చేరెను. దానిని శీతలమని, హృదయరహితమని నిందించువారికి ఇంతకంటె ప్రత్యుత్తరము అక్కరలేదు. ఆ పాటనే జర్మనులో, ఇంగ్లీషులో, ఫ్రెంచిలో, జపానీలో వారు పాడిరి. వచ్చిన అతిథి ఆతిథేయుని భాషలో పలుకరించుట మర్యాద యని వారెరుగుదురు.

అదే సంవత్సరము అక్టోబరులో ఫ్రెంచివాడగు జాఁ-మిషెల్ జార్ తన సింథసైజర్లతో చైనాలో కచేరీలు చేసెను. మరుసటి సంవత్సరము న్యూయార్కున ఆఫ్రికా బంబాటా వెలువరించిన ‘ప్లానెట్ రాక్’ క్రాఫ్ట్‌వెర్క్ బాణీని, లయను గ్రహించి నల్లజాతి యువత సంగీతమునకు క్రొత్తబాట వేసెను. అటుపిమ్మట డెట్రాయిట్‌లో టెక్నో సంగీతమును ప్రారంభించిన జువాన్ ఆట్కిన్స్ మొదలగువారును వీరి ఋణము నంగీకరించినవారే. 1982లోనే బొంబాయి చలనచిత్ర సంగీతకారుడు చరణ్‌జీత్ సింగ్ జపాను యంత్రములపై పది రాగములను డిస్కో లయలో రికార్డు చేసెను. క్రాఫ్ట్‌వెర్క్ రాకవలననే ఇది కలిగినదని నా భావము కాదు. ఒకే నగరమున, ఒక సంవత్సరపు ఎడములో, మనవాడొకడు స్వతంత్రముగ ఆ మార్గముననే నడచినాడని చెప్పుట నా యుద్దేశము. ఆ రికార్డునకు దాదాపు మూడు దశాబ్దములకు, అది పునర్ముద్రణ పొందినపిమ్మటగాని, ప్రపంచము చెవియొగ్గలేదు.

చరణ్‌జీత్ సింగ్ 2015లోను, ఫ్లోరియన్ ష్నైడర్ 2020లోను గతించిరి. 1981లో బొంబాయి కచేరికి పోయిన యువకులు నేడు అరువదియేండ్లు దాటియుందురు. వారిలో తెలుగువారును ఉన్నచో, ఆనాడు తాము కన్నదానిని, విన్నదానిని, చేయి చాచి మీట నొక్కియున్నచో దానినిగూడ, ఆలస్యము చేయక వ్రాసి ఏదేని పత్రికకు పంపవలెనని ప్రార్థించుచున్నాను.