ఉన్నతోద్యోగుల బాధ్యత - హైదరాబాదు గనుల వ్యవహారము

ఉద్యోగి యెవరికి లెక్క చెప్పవలయును? రాజనీతియందిది మిక్కిలి ప్రాత ప్రశ్న. గ్రామకరణము మొదలుకొని మహామంత్రి వఱకు లెక్క చెప్పుట విధియే. కాని యడుగువాడు లేనిచో నా విధి నామమాత్రమగును. హైదరాబాదు రాజ్యచరిత్రమునందలి యొక వ్యవహారముచే నీ విషయమును విశదపఱుప బ్రయత్నించెదను.

మొదటి సాలారుజంగు 1853 మొదలు 1883 వఱకు దివానుగా నుండెను. అంతకు బూర్వము భూమిశిస్తు వసూలు పెక్కుచోట్ల గుత్తదారుల వశమైయుండెను. అతడు గుత్తపద్ధతిని దొలగించి, 1865లో జిల్లాబందీ నేర్పఱచి, జీతముపై తాలూకుదారులను నియమించెను. ఉత్తరదేశమునుండి విద్యావంతులను రప్పించి పెద్దపదవుల నొసగెను. ఇట్లు స్థిరమైన యుద్యోగివర్గ మేర్పడెను. కాని యా వర్గమును బ్రశ్నింప బ్రజలెన్నుకొన్న సభ యేదియు నేర్పడలేదు. ఉద్యోగులు దివానునకును, దివాను నిజామునకును లోబడియుండిరి. ఆ పైని బ్రిటిషు రెసిడెంటు చూపు ఉండెను.

ఈ లోపము గనుల వ్యవహారమున బయలుపడెను. సర్దారు దిలేర్ జంగు బిరుదాంకితుడగు అబ్దుల్ హక్ హోంశాఖ కార్యదర్శి. రైలుమార్గము, గనులు అను రెండు విషయములందును ప్రభుత్వపక్షమున లండనునందు సంప్రదింపులు జరిపినవాడతడే. 1886లో గనుల హక్కుతో నచట నొక కంపెనీ వెలసెను. దాని మూలధనము పది లక్షల పౌనులు, వాటాలు లక్ష. అందు 85,000 వాటాలు హక్కు పొందినవారికే రొక్కము లేకుండ జెందెను. పిమ్మట నిజాము ప్రభుత్వము హెచ్చు ధరకు వాటాలను గొనగా, అవి యతనివే యని తేలెను. 1888లో నతడు పదవి గోల్పోయెను. అదే సంవత్సరమున బ్రిటిషు కామన్సు సభ ప్రత్యేకసంఘము నేర్పఱచి సాక్షులను విచారించెను.

ఇచట గమనింపవలసిన దొకటి గలదు. బొగ్గు తెలంగాణములోని ఇల్లందు ప్రాంతమునది. ధనము హైదరాబాదు బొక్కసమునది. సాక్షులను విచారించిన సభయో థేమ్సు నదీతీరమునది! శిస్తు గట్టిన రైతునకు బ్రశ్నించు తావే లేదు. నిజాము తలచిన నొక్క యుత్తరువుతో నుద్యోగిని దొలగింపగలడు. కాని దండనము వేఱు, విచారణము వేఱు. ప్రభువు కోపముచే దోషియు దొలగును, నిర్దోషియు దొలగును. ప్రశ్న, సాక్ష్యము, ప్రత్యుత్తరము, బహిరంగ నివేదిక యను నాలుగును గలిసిననే బాధ్యత యనదగును.

1950 జనవరి 26న భారత రాజ్యాంగ మమలులోనికి వచ్చెను. దాని 311వ అధికరణము, ఆరోపణములను దెలిపి సమాధానము చెప్పుకొను నవకాశ మొసగక యుద్యోగిని దొలగింపరాదని సామాన్యముగా విధించెను. విచిత్రమేమన, ఆ దినముననే హైదరాబాదునకు ముఖ్యమంత్రియైన ఎం. కె. వెల్లోడి స్వయముగా సివిలు సర్వీసు ఉద్యోగి! ఎన్నికల పిమ్మట, 1952 మార్చి నెలలో బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రియైరి. నాటినుండి కార్యదర్శి మంత్రికిని, మంత్రి శాసనసభకును, సభ ప్రజలకును సమాధానము చెప్పు క్రమ మేర్పడెను.

ఈ శృంఖలమున నే కడియ సడలినను 1888 నాటి స్థితియే మరల దాపురించును. మంత్రి యుద్యోగిని భయపెట్టి వశపఱచుకొనుటయు, ఉద్యోగి మంత్రిని దప్పుదారి బట్టించుటయు రెండును దోషములే. ఉద్యోగికి రక్షణము నిర్భయముగా సత్యము చెప్పుటకు. సభకు బ్రశ్నించు నధికారము ఆ సత్యమును బయలుపఱచుటకు. ఒకటి లేక రెండవది నిలువదని గనుల వ్యవహారము మనకు దెలుపుచున్నది.