బ్యాటరీని దాటిన పాట

కార్ డెకార్ షాపులో ఏ స్టీరియో డబ్బా చూసినా ‘50 వాట్స్ × 4’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ అంకె ఎక్కడిదో చిన్న లెక్కతో తేలిపోతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర ఉండేది సుమారు 14.4 వోల్టులు. దాన్ని దానితోనే హెచ్చవేసి, స్పీకరు 4 ఓమ్‌లతో భాగిస్తే 51.8. ఉన్న వోల్టేజీనంతా స్టీరియోలోని యాంప్లిఫయర్ చిప్ ఒక్క దెబ్బన స్పీకరు మీదకి తోసినప్పుడు వచ్చే శిఖరం అది. పాట అలా సాగదు. వంకర లేని స్వరానికి లెక్క కడితే అందులో సగమే వస్తుంది. చిప్‌లో పోయే నష్టం తీసేస్తే మిగిలేది 20 వాట్ల చుట్టుపక్కల. కారు ఆడియో చరిత్రంతా బ్యాటరీ గీసిన ఈ గీతను దాటడానికి పడ్డ పాట్లే.

ఆ పాట్లు మొదటి రేడియోతోనే మొదలయ్యాయి. 1930లో చికాగో వ్యాపారి పాల్ గాల్విన్ తన కారులో రేడియో బిగించుకుని, అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సమావేశం జరుగుతున్న చోటికి తీసుకెళ్లి వినిపించాడు. మోటరోలా పేరుతో అమ్మకానికొచ్చిన ఆ రేడియో ఖరీదు 110 డాలర్లకు పైమాటే. అప్పటివన్నీ వాల్వు రేడియోలు. వాల్వులకు వందకు మించిన వోల్టులు కావాలి; కారులో ఉన్నదేమో 6 వోల్టుల బ్యాటరీ. అందుకని రేడియో కోసం విడిగా బ్యాటరీలు మోసుకు తిరగాల్సి వచ్చేది. వాటిని పెట్టడానికి కారు అడుగు పలకను కోసేవారు. స్పార్క్ ప్లగ్గుల చిటపటలు పాటలో పడకుండా అడ్డుకోవడం మరో తలనొప్పి.

విడి బ్యాటరీల ఇరకాటం నుంచి బయటపడేసింది వైబ్రేటర్. అరచేతిలో ఇమిడే గుండ్రటి లోహపు డబ్బా, లోపల సన్నని ఉక్కు రేకు. ఆ రేకు సెకనుకు వందసార్లకు పైగా అటూ ఇటూ కొట్టుకుంటూ కరెంటును తుంచుతూ కలుపుతూ ఉంటుంది. తునకలైన ఆ కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ రెండు వందల వోల్టుల దాకా లేపుతుంది. రేడియో పెట్టగానే ‘గుయ్’మని మోత వినిపిస్తే అది పనిచేస్తున్నట్టు. లోపలి కాంటాక్టులు మాడి అతుక్కుపోతే డబ్బా లాగేసి కొత్తది గుచ్చుకోవడమే. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ముచ్చటగొలిపే వస్తువు ఇదే.

1955లో క్రైస్లర్, ఫిల్కో కంపెనీలు కలిసి పూర్తిగా ట్రాన్సిస్టర్లతో కారు రేడియో తెచ్చాయి. ట్రాన్సిస్టర్‌కు బ్యాటరీ వోల్టేజీ సరిపోతుంది కనక వైబ్రేటర్ అవసరం తీరిపోయింది. అయితే అదే వోల్టేజీ ఇప్పుడు శబ్దానికి పైకప్పు అయింది. తర్వాత ఆ కప్పును కొంత ఎత్తిన ఉపాయం చక్కనిది: స్పీకరు రెండు కొసలనూ ఎదురెదురు దిశల్లో నడిపిస్తే వోల్టేజీ రెట్టింపవుతుంది, వాట్లు నాలుగింతలవుతాయి. నేటి స్టీరియోలు దాదాపు అన్నీ చేసేది ఇదే. ఆ 20 వాట్లు ఇలా వచ్చినవే.

అంతకు మించి కావాలనుకున్నవాళ్ల కోసం 1973లో అమెరికాలోని జిమ్ ఫాస్‌గేట్ కారుకు విడి పవర్ యాంప్లిఫయర్ తయారుచేశాడు. ఇప్పుడు సీటు కింద, డిక్కీలో బిగిస్తున్న యాంపులు విప్పి చూస్తే వైబ్రేటర్ చేసిన పనే మళ్లీ కనిపిస్తుంది. బ్యాటరీ కరెంటును తునకలు చేయడం, ట్రాన్స్‌ఫార్మర్‌తో పైకి లేపడం. ఉక్కు రేకు బదులు ట్రాన్సిస్టర్లు, వందల బదులు సెకనుకు వేలసార్లు. అంతే తేడా.

1983 మోడల్ క్యాడిలాక్ లాంటి కార్లలో బోస్ స్పీకర్ల కంపెనీ స్థాపకుడు అమర్ బోస్ మరో దారి చూపించాడు. సీట్లు, అద్దాలు శబ్దాన్ని ఎలా మింగుతాయో, ఎలా తిప్పికొడతాయో ఏ కారుకు ఆ కారులోనే కొలిచి, దానికి తగ్గట్టు సిస్టం కట్టారు.

స్పీకరు మూలసూత్రం మాత్రం 1925లో ఇంజనీర్లు రైస్, కెలాగ్ చూపించిన తీరులోనే ఉంది: అయస్కాంతం సందులో తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు గరాటు. కొనేటప్పుడు వాట్ల కన్నా ముందు చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన వాట్లకు స్పీకరు ఎంత మోత చేస్తుందో. 87 డెసిబెల్స్ స్పీకరు బదులు 90ది తీసుకుంటే సగం వాట్లతోనే అంత మోత వస్తుంది. కంపెనీ స్టీరియో ఉంచుకునేవాళ్లకు యాంపు కన్నా ఇదే చవక. డోరు లోపలి రంధ్రాలు మూయించడం కూడా మరవకూడదు. మూయకపోతే స్పీకరు వెనక గాలి ముందుకొచ్చి బాస్‌ను కొట్టేస్తుంది. ఇంత చేశాక ఇంకా చాలకపోతే అప్పుడు యాంపు.

అప్పుడైనా శిఖరం అంకె కాక, నిలకడగా వచ్చే వాట్లు చెప్పే ఆర్ఎంఎస్ అంకె చూసి కొనాలి. 2003లో అమెరికా ఎలక్ట్రానిక్స్ తయారీదారుల సంఘం దీనికో ప్రమాణం పెట్టింది: 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల స్పీకరు మీద, 1 శాతం మించని వక్రీకరణతో ఎన్ని వాట్లు వస్తాయో అదే చెప్పాలి. నిజంగా 1000 వాట్లిచ్చే యాంపు పూర్తిగా పనిచేస్తే వంద ఆంపియర్లకు దగ్గరగా లాగుతుంది. చిన్న కారు ఆల్టర్నేటర్‌కు అది మోయలేని బరువు. బీటు పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారేది అందుకే. అంత కరెంటు పారే వైరుకు ఫ్యూజు బ్యాటరీ నుంచి అడుగున్నర లోపే ఉండాలి. యాంపు పక్కన పెట్టి వదిలేస్తే, మధ్యలో ఎక్కడైనా వైరు తొడుగు ఊడి బాడీకి తగిలినప్పుడు ఆ ఫ్యూజు ఎగరదు, వైరు అంటుకుంటుంది.