ఒకే బల్ల, ఒకే గ్లాసు: అంతేనా?

సెమినార్ పని మీద బెర్లిన్ వెళ్ళినప్పుడు క్రాయిజ్‌బెర్గ్‌లో దిగాను. సందు మలుపులో చిన్న టర్కీ హోటల్. మైసూరుపప్పు సూపు, పిండుకోడానికి నిమ్మచెక్క, అడక్కుండానే తెచ్చిపెట్టే రొట్టె. చివర్లో నడుం సన్నగా ఉండే గాజుగ్లాసులో టీ. పక్క బల్ల దగ్గర ముసలాయనకిచ్చిన గ్లాసు లాంటిదే నాకూ ఇచ్చారు.

మా నాన్న ఊరి హోటల్ బయట, చూరులో దోపిన గ్లాసు తీసుకుని టీ పోయించుకునేవాడు. తాగాక తనే కడిగి మళ్ళీ అక్కడే దోపేవాడు. అది గుర్తొచ్చి, అంటరానితనం లేని బల్ల దొరికిందనిపించింది. కానీ ఆ బల్ల అక్కడికి ఎలా వచ్చిందో చూడాలి కదా.

1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. తూర్పు నుంచి వచ్చే కూలీలు ఆగిపోయారు. అదే ఏడాది అక్టోబర్ 30న పశ్చిమ జర్మనీ టర్కీతో కార్మికుల ఒప్పందం చేసుకుంది. ఇస్తాంబుల్‌లో ఒళ్ళు పరీక్షించి, పళ్ళు చూసి మరీ ఎంచుకున్నారు. పెట్టిన పేరు మాత్రం ‘గాస్టార్‌బైటర్’, అతిథి కార్మికుడు. అతిథి అంటే వెళ్ళిపోవలసినవాడని అర్థం. మొదట రెండేళ్ళే గడువు. పని నేర్పినవాళ్ళను పంపేస్తే యజమానులకే నష్టం కాబట్టి 1964లో ఆ గడువు ఎత్తేశారు. 1973లో కొత్తవాళ్ళను తీసుకోవడం ఆపేశారు. వెళితే మళ్ళీ రానివ్వరన్న భయంతో ఉన్నవాళ్ళు కుటుంబాలను తెచ్చుకున్నారు. ఫ్యాక్టరీల్లో పని పోయినవాళ్ళలో చాలామంది హోటళ్ళు, కొట్లు పెట్టుకున్నారు. రొట్టెలో మాంసం పెట్టి అమ్మే డోనర్ కబాబ్ జర్మనీ వీధి తిండి అయ్యింది.

తిండిని ప్రేమించారు. మరి మనుషుల్ని?

2000 నుంచి 2006 దాకా జర్మనీలో తొమ్మిదిమంది చిరు వ్యాపారులను, కొట్లలో పనిచేసేవాళ్ళను కాల్చి చంపారు. ఎనిమిదిమందివి టర్కీ మూలాలు, ఒకరిది గ్రీకు. పోలీసులు మాఫియా అన్నారు, మాదకద్రవ్యాలన్నారు, బాధిత కుటుంబాలనే అనుమానించారు. పత్రికలు ‘డోనర్ హత్యలు’ అని పేరు పెట్టాయి. నిజానికి డోనర్ కొట్లో చనిపోయినవాళ్ళు ఇద్దరే: 2004లో రోస్టాక్‌లో మెహ్మెత్ తుర్గుత్, 2005లో న్యూరెంబర్గ్‌లో ఇస్మాయిల్ యషార్. మిగతావాళ్ళలో పూలమ్మేవాడున్నాడు, బట్టలు కుట్టేవాడున్నాడు, తాళాలు చేసేవాడున్నాడు. అందరినీ కలిపి ఒక తిండి పేరుతో పిలిచారు. చంపింది నియో నాజీ ముఠా అని 2011 నవంబర్‌లో గానీ బయటపడలేదు. ఆ ఏడాది అతి చెడ్డ మాటగా భాషావేత్తల బృందం ఎంపిక చేసింది ఆ ‘డోనర్ హత్యలు’ అన్న మాటనే.

మనకిది కొత్తా? మనం పండించిన బియ్యం అందరి ఇళ్ళలోకీ పోతుంది. మనం గుమ్మం దగ్గరే ఆగాలి.

సహపంక్తి భోజనాలతోనే కులం పోదని బాబాసాహెబ్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో తేల్చి చెప్పారు. కులాంతర వివాహాలు కావాలన్నారు, కులాన్ని పవిత్రం చేసిన శాస్త్రాల మీద నమ్మకమే పోవాలన్నారు. బెర్లిన్ బల్ల నాకు ఆ పాఠాన్నే మళ్ళీ చెప్పింది.

అలాగని ఆ టీ నాకేం చేదవలేదు. మా నాన్నకు దక్కని గ్లాసది, తృప్తిగానే తాగాను. విద్యార్థి మిత్రులారా, రేపు మీ ఊళ్ళో ఎవరైనా నాయకుడు మన వాడకొచ్చి అన్నం తిని ఫోటో దిగితే, అన్నం పెట్టండి. తర్వాత ఒక్క మాట అడగండి: వాడలో ఒకరి మీద దాడి జరిగిన రోజు, ఏ పేరుతో కేసు రాయిస్తావు?

జై భీమ్.