ఉప్పు కొట్టు వెనక పద్దు పుస్తకం

అడవి అన్నీ ఇస్తుంది, ఉప్పు తప్ప. భద్రాచలం ఏజెన్సీలో సావుకారు కొట్టు నిలబడింది ఆ లోటు మీదే. ఉప్పు, పొగాకు, కిరసనాయిలు, గుడ్డలు మన్యంలోకి ఎక్కేవి. చింతపండు, తపసి బంక, ముష్టి గింజలు, ఇప్పపువ్వు కిందికి దిగేవి.

సంతలో చేతివాటం మానిక దగ్గర కనిపించేది. కోయ మనిషికి ఉప్పు పోసేటప్పుడు అరచేత్తో అంచుకు సమంగా రాసేసేవారు. అతని గింజలు కొలుచుకునేటప్పుడు అదే మానిక గోపురమయ్యేది.

అయినా ఆ లాభం చిల్లరే. అసలు ఆస్తి పద్దు పుస్తకం. ఉమ్మడి కుటుంబంలో ఒకరు కొట్టులో కూర్చుంటే, ఒకరు అడవిలో వెదురు కూపు వేలం పాడుకునేవారు, ఇంకొకరు నాగుకు, అంటే వడ్డీకి, ధాన్యం ఇచ్చేవారు. జమాఖర్చులన్నీ ఇంటిపెద్ద దగ్గర తేలేవి. ఇప్పటి భాషలో హోల్డింగ్ కంపెనీయే, రిజిస్ట్రేషను ఒక్కటే తక్కువ. బాకీ తీరకపోవడమే ఆ ఇంటికి రాబడి: బాకీ ఉన్నవాడు సరుకు మరో కొట్టుకు తీసుకెళ్లలేడు, పిలిస్తే కూపుకు రాననలేడు. పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్, 1945లో అచ్చయిన తన పుస్తకంలో, వెదురు వర్తకుల బయానాలు వాళ్లను ఎలా కట్టిపడేశాయో రాశాడు. వాళ్లు నరికిన వెదురు తెప్పలై గోదారి మీద రాజమండ్రి చేరేది.

సర్కారుకు ఇది తెలియక కాదు. 1874లో భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలోకి వచ్చింది. 1917 నాటి ఏజెన్సీ చట్టం కొండజాతులకిచ్చే అప్పు మీద వడ్డీని నూటికి నెలకు రెండు రూపాయల దగ్గర ఆపింది, చక్రవడ్డీ చెల్లదంది, అనుమతి లేకుండా వాళ్ల భూమి బయటివాళ్లకు పోకూడదంది. కానీ గోదారి దాటితే పాల్వంచ, అంటే అప్పట్లో నిజాం రాజ్యం. అక్కడ ఆ చట్టం నడిచేది కాదు.

1956లో విశాఖపట్నం కేంద్రంగా పుట్టిన గిరిజన సహకార సంస్థ సావుకారు పద్ధతినే తిరగేసింది: అటవీ సరుకు కొనాలి, డిపోలో ఉప్పూ బియ్యమూ అమ్మాలి, అప్పూ ఇవ్వాలి. మొదటి రెండూ సాగాయి. మూడోదే కష్టం. పెళ్లికో చావుకో అర్ధరాత్రి తలుపు తడితే తెరిచేది సావుకారే, డిపో గుమస్తా కాదు. సావుకారును తిట్టేవాళ్లు కూడా ఈ మాట ఒప్పుకోవాలి.

1970లో 1/70 భూబదలాయింపు నిబంధన వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరులు తమలో తామైనా భూమి అమ్ముకోకూడదంది. దాంతో కొన్నిచోట్ల ఆస్తి కాగితం మీద గిరిజనుడి పేరుకు మారింది, తాళంచెవి మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోయింది.

2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. రాష్ట్రంతో పాటు గిరిజన సంస్థా రెండైంది. ఇప్పుడు చింతూరు, కూనవరం బంక విశాఖ లెక్కలోకి, దుమ్ముగూడెం, చర్ల బంక హైదరాబాదు లెక్కలోకి వెళ్తుంది.