వరంగల్ జంపఖానా: ధర ఎంత పెట్టాలి? ఎన్ని నేయించాలి?

వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు కూడా ఉన్నాయి. పేరుకు లోటు లేదు. కానీ పేరు ఒక్కటే కార్ఖానాను నడపదు. ధర ఎంత పెట్టాలి, ఎన్ని నేయించాలి అన్న లెక్క తప్పితే ఆర్డర్లు ఉండి కూడా నష్టపోవచ్చు. ఈ లెక్కలను చెప్పేదే సూక్ష్మ అర్థశాస్త్రం.

ఉదాహరణకు ఖిలా వరంగల్‌లో ఒక చిన్న కార్ఖానా ఉందనుకుందాం. కింది అంకెలన్నీ లెక్క అర్థం కావడానికే.

రెండు రకాల ఖర్చులు

కార్ఖానా కిరాయి, అప్పు వాయిదా, మగ్గాల మరమ్మతు కలిపి నెలకు రూ.12,000. ఒక్కటి నేసినా, వంద నేసినా ఇది మారదు. ఇది స్థిర ఖర్చు. ఒక్కో జంపఖానాకు నూలు రూ.450, రంగు రూ.100, నేత కూలి రూ.350, మొత్తం రూ.900. ఇది మారే ఖర్చు.

నెలకు 60 నేసి ఒక్కోటి రూ.1,200కు అమ్మితే, ఒక్కోదానిపై రూ.300 చొప్పున రూ.18,000 వస్తుంది. స్థిర ఖర్చు పోగా మిగిలేది రూ.6,000. సగటున ఒక్కోదానికి ఖర్చు రూ.1,100.

తక్కువ ధరకు ఆర్డర్ వస్తే?

ఒక హోటల్ వాళ్లు 20 జంపఖానాలు రూ.1,000 చొప్పున అడిగారు. సగటు ఖర్చు చూస్తే ఒక్కోదానిపై రూ.100 నష్టం అనిపిస్తుంది. కానీ కిరాయి ఎలాగూ కట్టేదే. ఇంకొకటి నేయడానికి అదనంగా అయ్యేది రూ.900 మాత్రమే. దీన్నే ఉపాంత వ్యయం అంటారు. మగ్గాలు ఖాళీగా ఉంటే ఈ ఆర్డర్‌తో రూ.2,000 ఎక్కువే మిగులుతుంది.

అయితే రాత్రిపూట కూడా నేయించాల్సి వచ్చి, కూలి మరో రూ.150 పెరిగితే ఖర్చు రూ.1,050 అవుతుంది. అప్పుడు రూ.1,000 నష్టం. పాత గిరాకీలు కూడా అదే ధర అడిగితే నష్టం ఇంకా పెద్దది.

ధర పెంచితే?

ధర 10 శాతం పెంచి రూ.1,320 చేస్తే అమ్మకాలు 60 నుంచి 54కు తగ్గాయనుకుందాం. గల్లాలో పడే మొత్తం రూ.72,000 నుంచి రూ.71,280కి తగ్గుతుంది. కానీ ఒక్కోదానిపై రూ.420 మిగిలి, స్థిర ఖర్చుకు ముందు చేతికొచ్చేది రూ.22,680. అంటే పాతదానికన్నా రూ.4,680 ఎక్కువ. అమ్మకాలు 42కు పడిపోతే మాత్రం రూ.17,640 వచ్చి, పాత ధరే మేలనిపిస్తుంది.

ధర మారితే గిరాకీ ఎంత మారుతుందో చెప్పేదే డిమాండ్ వ్యాకోచత్వం. పక్క దుకాణంలో అలాంటి సరుకే దొరికితే గిరాకీ త్వరగా జారిపోతుంది. మసీదు కొలతకు ప్రత్యేకంగా నేయించే జానమాజ్‌ల విషయంలో అంత సులభంగా జారిపోదు. అందుకే అన్ని రకాలకూ ఒకే లాభం శాతం వేసుకోవడం సరికాదు.

ఎప్పుడు ఆపాలి?

ధర రూ.900 కన్నా తగ్గితే నేసిన ప్రతిదానిపైనా నష్టమే, కాబట్టి ఆపడం మేలు. రూ.900 నుంచి రూ.1,100 మధ్య ఉంటే కొన్నాళ్లు నడపవచ్చు, కిరాయిలో కొంతైనా వస్తుంది. కానీ కిరాయి ఒప్పందం మళ్లీ రాసుకునే రోజున స్థిర ఖర్చు కూడా మన చేతిలోకి వస్తుంది. అప్పుడు మొత్తం ఖర్చు రాకపోతే కొనసాగించడంలో అర్థం లేదు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. అంత పెద్ద మిల్లుకు స్థిర ఖర్చు భారీగా ఉంటుంది. చిన్న కార్ఖానాకు ఆ బరువు తక్కువ, తగ్గించుకునే వీలు ఎక్కువ.

ఇంటివాళ్ల కష్టం

చాలా ఇళ్లలో వదిలేసే ఖర్చు ఇదే. భార్య నూలు చుడుతుంది, కొడుకు సరుకు చేరవేస్తాడు. యజమాని రోజంతా అక్కడే ఉంటాడు. వీళ్లెవరికీ జీతం రాయరు. యజమాని బయట పనిచేస్తే నెలకు రూ.15,000 వచ్చేదనుకుంటే, కార్ఖానాలో మిగిలిన రూ.6,000 నిజానికి లాభం కాదు, రూ.9,000 లోటు. దీన్ని అవకాశ వ్యయం అంటారు. ఇంట్లోవాళ్ల కష్టాన్ని లెక్కలో రాసుకున్నాకే ధర చెప్పాలి. లేకుంటే బేరంలో తగ్గించేది లాభం అనుకుంటాం, నిజానికి తగ్గేది ఇంటివాళ్ల కూలి.