బందరు బీమా కంపెనీయు, డాక్టరు పట్టాభి సీతారామయ్యగారును

మహాసభా సంచికకు చారిత్రక వ్యాసమొకటి వ్రాయుమని సంపాదకమహాశయులు నన్ను కోరినప్పుడు, ఏ శాసనమును గూర్చియో, ఏ రాజవంశమును గూర్చియో వ్రాయుదునని వారు తలంచి యుందురు. ముప్పదియైదేండ్లు బడిపిల్లలచేత రాజుల పట్టాభిషేక సంవత్సరములు వల్లె వేయించినవాడను గనుక ఆ తలంపు సహజమే. కాని ఈ మాఱు ఆ త్రోవను విడిచి, ఒక బీమా కంపెనీని గూర్చియు, దానిని నెలకొల్పిన పెద్దను గూర్చియు విన్నవింపదలచితిని. మన పోషకులలో వర్తకులును, ఉద్యోగులును, భూస్వాములును గలరు. వారిలో బీమా పత్రము లేని గృహస్థు అరుదు. ఆ పత్రము తెలుగునాట ఇల్లిల్లు ఎట్లు చేరెనో ఎఱిగియుండుట వారికి అప్రస్తుతము కాదు.

డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి పేరు వినని తెలుగువారు అరుదు. అయినను ఆ పేరు వినినంతనే మనవారికి జ్ఞప్తికి వచ్చునది 1939వ సంవత్సరమున కాంగ్రెసు అధ్యక్షపదవికి జరిగిన యెన్నిక. అందు సుభాస్ చంద్రబోసుగారికి 1580 ఓట్లును, పట్టాభిగారికి 1377 ఓట్లును లభించినవి. ఆ యోటమి తనదేయని గాంధీమహాత్ముడు ప్రకటించెను. పాఠ్యపుస్తకములు ఇంతటితో నూరకుండును. నేనును బడిలో చాలకాలము ఇంతటితోనే ఊరకుంటిని. డెబ్బదితొమ్మిదేండ్లు నిండుగా జీవించిన పురుషుని ఒకనాటి యోట్ల లెక్కతో కొలుచుట ఎంత యన్యాయమో, బందరులో వారు తెఱపించిన లెక్కల పుస్తకములను తలంచినప్పుడు గాని నాకు బోధపడలేదు.

వారు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదిని, నేడు ఏలూరు జిల్లాలో నున్న గుండుగొలను గ్రామమున జన్మించిరి. శైశవముననే తండ్రి గతించెను. సంసారము బీదతనమున పడెను. పిల్లల చదువునకై కుటుంబము ఏలూరునకు కాపురము మార్చెను. ఇంటి యజమాని కన్ను మూసిన మఱునాడు ఆ యింట పుట్టు ప్రశ్నలు ఏవి? రేపటి గింజలెట్లు, పిల్లవాని బడిజీతమెట్లు, అప్పులవాడు వాకిట నిలిచిన ఏమి చెప్పవలెను? ఈ ప్రశ్నలు పట్టాభిగారికి పుస్తకములవలన తెలిసినవి కావు. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదివి 1900లో బి.ఏ. పట్టమును, పిమ్మట వైద్యవిద్యలో ఎం.బి.సి.ఎం. పట్టమును పొంది, బందరులో వైద్యవృత్తి నారంభించిరి. పదేండ్లపాటు రోగుల నాడి చూచి, 1916 ప్రాంతమున ఆ వృత్తిని వదలి దేశసేవలో ప్రవేశించిరి. వైద్యుడు మృత్యువును కొంతకాలము వాయిదా వేయగలడు. అది వచ్చిపోయిన పిమ్మట మిగిలినవారికి ఈయదగిన మందు వైద్యుని సంచిలో లేదు. పట్టాభిగారు వైద్యము మానిన తరువాత బందరులో చేసిన పనులలో ముఖ్యభాగము ఈ రెండవ రోగమునకు మందు వెదకుటయే యని నా యభిప్రాయము.

బందరు అట్టి పనికి తగిన యూరు. డచ్చివారును, ఇంగ్లీషువారును, ఫ్రెంచివారును వర్తకశాలలు కట్టిన రేవది. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన వచ్చి సుమారు ముప్పదివేల ప్రాణములను హరించెను. ఆ రాత్రి కథను తాతలవలన వినిన వృద్ధులను నేను బాల్యమున చూచితిని. సముద్రము వర్తకుని కలిగించు నష్టభయమును మన పూర్వులు ఎఱుగకపోలేదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున, అడవిత్రోవల పోవు వర్తకుడు నెలకు నూటికి పదియు, సముద్రముమీద పోవువాడు ఇరువదియు వడ్డి నీయవలెనని విధింపబడినది. కౌటిల్యుని అర్థశాస్త్రమునను ఇదే లెక్క కానవచ్చును. అనగా ఋణదాత అపాయమును తూచి దానికి వెల కట్టెనన్నమాట. అయితే అది సరకునకు కట్టిన వెల. గృహస్థుని యాయువును లెక్కించి, అతని వెనుక మిగిలిన భార్యాపుత్రులకు సొమ్ము చెల్లించు పద్ధతి మనకు సీమనుండి వచ్చినది.

ప్రసంగవశమున ఒక మాట. ఈ శబ్దమును చాలమంది "భీమా" యని వ్రాయుచున్నారు. వీథులలోని ఫలకములమీదను అట్లే కానవచ్చును. ఇది పారశీకమునుండి హిందూస్థానీద్వారా మనకు వచ్చిన "బీమా". "బీం" అనగా ఆ భాషలో భయము. భీమసేనునితో దీనికి చుట్టఱికము లేదు. అయినను సంస్కృతమున భయార్థకమగు "భీ" ధాతువును, పారశీకమునందలి "బీం" శబ్దమును ఒకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు గనుక, తప్పు వ్రాసినవారిని నేను మిక్కిలి తప్పు పట్టజాలను. పరీక్షలలో మాత్రము అరమార్కు తగ్గించియుంటిని.

1818లో కలకత్తాలో ఓరియంటల్ జీవితబీమా కంపెనీ పుట్టెను. అది ముఖ్యముగా ఇచ్చట నున్న తెల్లవారి కొఱకు. భారతీయునికి బీమా ఇచ్చినప్పుడును తెల్లవానికంటె అధికముగ ప్రీమియము పుచ్చుకొనుట నాటి కంపెనీల యాచారము. ఈ దేశస్థుని యాయువు నమ్మదగినది కాదని వారి లెక్క. 1870లో బొంబాయి మ్యూచువల్ సంస్థ ఆ యదనపు రుసుము లేకయే మనవారికి బీమా నొసగ మొదలిడెను. వందేమాతరోద్యమపు దినములలో, 1906లో, చెన్నపురియందు యునైటెడ్ ఇండియాయు, కలకత్తాయందు నేషనల్ కంపెనీయు వెలసినవి. స్వరాజ్యము కోరువానికి ఇది కేవలము ధనవిషయము కాదు, మానవిషయమును అయ్యెను.

1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు మొదలగు మిత్రులతో గూడి పట్టాభిగారు బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నిలిపిరి. 1915లో కృష్ణాజిల్లా సహకార బ్యాంకు స్థాపనయందు పాల్గొనిరి. 1923 నవంబరు 20వ తేదిని రిజిస్టరై, 28వ తేదిని పని మొదలిడిన ఆంధ్రా బ్యాంకునకు చెల్లించిన మూలధనము లక్ష రూపాయలు. రెండేండ్లకు, 1925లో, ఆంధ్రా ఇన్ష్యూరెన్సు కంపెనీ వెలసెను. 1929లో భారతలక్ష్మీ బ్యాంకును, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్ష్యూరెన్సు కంపెనీయు వచ్చినవి. కృష్ణాడెల్టా రైతు ధాన్యమమ్మి కట్టిన ప్రీమియము కలకత్తాకో సీమకో పోక తెలుగుదేశముననే నిలిచి, ఇచ్చటి పనులకే అక్కఱకు రావలెననుట ఈ సంస్థలన్నిటికిని పునాది. తాము నెలకొల్పిన సంస్థలలో ఉత్తరప్రత్యుత్తరములు తెలుగున సాగవలెననియు పట్టాభిగారు కోరుచుండిరి. ఒకే యూరిలో కొలదిమంది పెద్దలు ఇన్ని సంస్థల భారము నొక్కసారి తలకెత్తుకొనుట వివేకమేనా యని నాకొక సందేహము లేకపోలేదు. కాని అట్లు తలకెత్తుకొనువారే లేకున్న ఆ పని మఱి యిరువదియేండ్లు వెనుకబడెడిదనియు తోచును.

పట్టాభిగారు ఒకచోట కుదురుగ కూర్చుండువారు కారు. కాంగ్రెసు పనిమీదను, స్వదేశసంస్థానముల ప్రజల యుద్యమమునకు నాయకులుగను దేశము నాలుగు చెఱగులను తిరిగిరి. ఆంధ్రరాష్ట్రవాదమును భుజమున వేసికొని తెలుగు జిల్లాలను చుట్టిరి. వారు రైళ్లలో తిరుగుచుండగా, వారి కంపెనీ పేరు చెప్పుకొని ఏజెంట్లు బండ్లమీదను, పడవలమీదను, కాలినడకను పల్లెలు తిరిగిరి. కంపెనీ స్థాపించుట ఒక యెత్తు, పల్లెలో పాలసీ అమ్ముట మఱియొక యెత్తు. ఇందులకు మా యింటి ముచ్చట నొకదానిని చెప్పెదను.

మా మాతామహులు దివితాలూకాలో బడిపంతులు. 1938లో ఒకనాటి సాయంకాలము ఆంధ్రా కంపెనీ ఏజెంటు వారి యరుగుమీద కూర్చుండి, వేయి రూపాయల పాలసీ సంగతి మొదలిడెను. లోపల దీపము వెలిగించుచున్న మా అమ్మమ్మగారు ఆ మాటలు విని, "సందెవేళ ఇంటికొచ్చి నా పుస్తెలకి వెల కడతావా, నాయనా?" అని గడపలో నిలిచి యడిగెనట. చావు మాట నెత్తుటయే అమంగళమని నమ్మిన దినములవి. ఏజెంటు లేచి నిలిచి, "తల్లీ, ఇది మీ పుస్తెలకు వెల కాదు, బందరు డాక్టరుగారి కంపెనీ. ఆయన తండ్రి పోయిన పిల్లవాడుగా పెరిగినవారు" అని మాత్రము చెప్పెను. ఆమె మఱి మాటాడలేదు. కాఫీయును ఇయ్యలేదు. మూడవ నాడు తాతగారు వైద్యపరీక్షకు పోయిరి.

నాటినుండి వారు తప్పక ప్రీమియము కట్టుచు, రసీదులను ఇనుపతీగకు గ్రుచ్చి దూలమునకు వ్రేలాడదీసిరి. 1951లో విషజ్వరమున వారు పోయిరి. మరణపు రిజిస్టరు నకలును పొందుటకు మా మేనమామ ఒక కచేరి గుమ్మము నాలుగు నెలలు త్రొక్కెను. ఆ కచేరి పేరు ఇచ్చట వ్రాయను. నకలు చేతికి వచ్చి బందరునకు పంపిన పిమ్మట సొమ్ము చేరుటకు అంత కాలము పట్టలేదు. మేనమామలిద్దఱి చదువు ఆ సొమ్ముతో సాగెను. అమ్మమ్మగారు తన చివరిదినములవఱకు ఆ రసీదుల తీగను దూలమునుండి తీయనీయలేదు.

మరల పట్టాభిగారి కథకు వత్తము. 1930లో బందరు తీరమున ఉప్పు వండి చెఱసాలకు పోయిరి. 1935లో కాంగ్రెసు చరిత్రమును ఇంగ్లీషున వ్రాసిరి. దాని రెండవ సంపుటము 1947లో వెలువడెను. 1942 ఆగస్టులో పట్టుబడి, కార్యవర్గ సభ్యులతోగూడ సుమారు మూడేండ్లు అహమ్మదునగరు కోటలో నుండిరి. అచ్చటి దినచర్య "ఫెదర్స్ అండ్ స్టోన్స్" అను పేర 1946లో ప్రకటితమయ్యెను. 1939లో అందని అధ్యక్షపీఠము 1948లో జయపురమున అందెను. పాఠ్యపుస్తకములు ఈ సంగతిని ఒక్క వాక్యములోనైన చెప్పిన బాగుండెడిది. 1952 జూలైలో మధ్యప్రదేశమునకు గవర్నరుగా నాగపురమున ప్రవేశించిరి.

వారు ఆ పీఠమున నుండగనే 1956వ సంవత్సరము జనవరి 19వ తేదిని జీవితబీమా వ్యాపారమును ప్రభుత్వము తన వశము చేసికొనెను. ఆ యేడు సెప్టెంబరు 1వ తేదిని జీవితబీమా సంస్థ యేర్పడెను. దేశమునందలి కంపెనీలును, ప్రావిడెంటు సంఘములును కలిసి 245 అందు లీనమయ్యెను. ముప్పదియొక యేండ్ల క్రిందట బందరున నాటిన మొక్క యిట్లు ప్రభుత్వవనమున చేరెను. దానిని నాటినవారు అప్పుడు అదే ప్రభుత్వమున గవర్నరు. కొందఱు దీనిని తెలుగువారి నష్టముగ చెప్పుదురు. నేనట్లు తలంపను. ఆ కాలమున దేశమున అనేక కంపెనీలు దివాలా యెత్తి, విధవల సొమ్ము నీటిపాలయ్యెను. క్రొత్త చట్టము పాలసీ సొమ్మునకు కేంద్రప్రభుత్వమునే పూటగా నిలిపినది. మా అమ్మమ్మగారివంటి స్త్రీకి కంపెనీ పేరుకంటె ఆ పూట ముఖ్యము. క్రొత్త సంస్థ తన ముద్రపై గీతనుండి యోగక్షేమములను గూర్చిన మాటను గైకొనెను. లేనిది పొందుట యోగము, ఉన్నదానిని కాచుకొనుట క్షేమము అని భాష్యకారుల యర్థము. ఆ సంస్థ డివిజనల్ కార్యాలయములలో నొకటి మచిలీపట్నమున నెలకొనుట పాతఋణము తీర్చినట్లున్నది.

1957 జూన్‌లో పదవిని విడిచి, 1959 డిసెంబరు 17వ తేదిని పట్టాభిగారు హైదరాబాదున పరమపదించిరి. భారతలక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకున కలిసెను. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1వ తేదిని యూనియన్ బ్యాంకున లీనమయ్యెను. బోర్డులమీద ఇప్పుడు ఆ పేళ్లు లేవు.

పాత పెట్టెలలో మాత్రము కాగితములు కొన్ని మిగిలియుండును. మన సభ్యుల యిండ్లలో ఆంధ్రా కంపెనీ పాలసీ పత్రములు గాని, నాటి ఏజెంట్ల దినచర్యలు గాని, బందరునుండి తెలుగున వచ్చిన ఉత్తరములు గాని ఉన్నయెడల, చెదలు తినకముందే సంచిక కార్యాలయమునకు చూపవలెనని ప్రార్థన. నకలు వ్రాసికొని అసలు కాగితములను భద్రముగ మరల అందజేయు పూచీ నాది. మా తాతగారి రసీదులు, తీగతో సహా, నాయొద్ద నున్నవి, చూడగోరువారికి చూపుదును.