బడిలో తుపాకి: 1996 చెప్పిన పాఠాలు

మధుమేహం, రక్తపోటు, రోడ్డు ప్రమాదాల గురించి చదివే చోట తుపాకుల ప్రసంగం ఎందుకని కొందరు పాఠకులకు అనిపించవచ్చును. అందుకు సమాధానం ఒక లెక్కలో ఉంది. 2020లో అమెరికా దేశంలో 1 నుండి 19 సంవత్సరాల వయసు వారి మరణాలకు ప్రథమ కారణం తుపాకి. ఆ ఒక్క ఏడాదిలో ఆ వయసు వారు 4,300 మందికి పైగా తుపాకి గాయాలతో మరణించారు. అంతకు ముందు దశాబ్దాల పాటు ఆ స్థానంలో ఉన్నవి మోటారు వాహన ప్రమాదాలు. పిల్లల ప్రాణాలను అధికంగా హరించేది ఏదైనా సరే, అది వైద్యశాస్త్రం పట్టించుకోవలసిన విషయమే.

వీరిలో బడిలో జరిగిన కాల్పులకు బలైనవారు కొద్దిమందే. ఎక్కువమంది వీధులలో, ఇళ్ళలో హత్యకు గురైనవారు, లేదా ఆత్మహత్య చేసుకొన్నవారు. అయినా బడిలో కాల్పులు కలిగించే భయం సంఖ్యలకు లొంగేది కాదు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా తక్కిన పిల్లలతో పాటు తరగతి గది తలుపు మూసి, దీపాలు ఆర్పి, మూల నిశ్శబ్దంగా కూర్చొనే అభ్యాసం చేస్తూ పెరుగుతున్నారు. ఇటువంటి వార్త వచ్చినప్పుడల్లా "ఎవరేం చేయగలరు, పిడుగు పడినట్లే" అని నిట్టూర్చడం మనకు అలవాటైంది. చరిత్ర ఆ మాటను సమర్థించదు. 1996వ సంవత్సరంలో మూడు దేశాలు ఈ సమస్యను ఎదుర్కొని మూడు రకాల నిర్ణయాలు తీసుకొన్నాయి. వాటి ఫలితాలు ఇప్పుడు మన కళ్ళ ముందు ఉన్నాయి.

డన్‌బ్లేన్: తెల్లపూల ఉద్యమం

స్కాట్లాండులో డన్‌బ్లేన్ ఒక చిన్న పట్టణం. 1996 మార్చి 13వ తేదీ ఉదయం 43 ఏళ్ళ వ్యక్తి ఒకడు అక్కడి ప్రాథమిక పాఠశాలలోకి నాలుగు చేతి తుపాకులతో, 700కు పైగా తూటాలతో ప్రవేశించాడు. వ్యాయామశాలలో ఉన్న ఒకటవ తరగతి పిల్లలపై కాల్పులు జరిపాడు. కొద్ది నిమిషాలలో 16 మంది పసిపిల్లలు, వారి ఉపాధ్యాయురాలు మరణించారు. హంతకుడు తనను తాను కాల్చుకొన్నాడు. తరువాతి కాలంలో టెన్నిస్ క్రీడాకారుడిగా ప్రపంచ ప్రఖ్యాతి పొందిన ఆండీ ముర్రే అప్పుడు ఆ బడిలోనే చదువుతున్న ఎనిమిదేళ్ళ బాలుడు.

ఆ తుపాకులన్నీ లైసెన్సు ఉన్నవే. న్యాయమూర్తి లార్డ్ కల్లెన్ జరిపిన విచారణలో మరొక సంగతి వెల్లడైంది. ఆ వ్యక్తి ప్రవర్తనను గమనించిన పోలీసు అధికారి ఒకరు, అతని లైసెన్సు రద్దు చేయాలని 1991లోనే పై అధికారులకు వ్రాశారు. ఆ సూచన అమలు కాలేదు. అంటే రోగలక్షణం అయిదేళ్ళ ముందే కనిపించింది, కాగితం మీదకు కూడా ఎక్కింది, చికిత్స మాత్రం జరగలేదు.

పిల్లలను కోల్పోయిన తల్లిదండ్రులు, వారి మిత్రులు ప్రైవేటు వ్యక్తుల వద్ద చేతి తుపాకులు ఉండరాదని ఉద్యమం ప్రారంభించారు. మార్చి నెలలో అక్కడ పూసే స్నోడ్రాప్ అనే చిన్న తెల్లపువ్వు పేరు దానికి పెట్టారు. ఏడు లక్షల మందికి పైగా విజ్ఞాపన పత్రంపై సంతకాలు చేశారు. లార్డ్ కల్లెన్ పూర్తి నిషేధం సూచించలేదు. ప్రజాభిప్రాయం అంతకన్న ముందుకు సాగింది. 1997లో జాన్ మేజర్ ప్రభుత్వం చేసిన చట్టం పెద్ద తూటాల చేతి తుపాకులను నిషేధించింది. అదే ఏడాది అధికారంలోకి వచ్చిన టోనీ బ్లెయిర్ ప్రభుత్వం రెండవ చట్టంతో చిన్నవాటిని కూడా నిషేధించింది. దాదాపు 1,62,000 చేతి తుపాకులను ప్రజలు అప్పగించి పరిహారం పొందారు.

ఆ తరువాత బ్రిటన్‌లో బడిపిల్లలను సామూహికంగా కాల్చి చంపిన సంఘటన మరొకటి జరగలేదు. అయితే కాల్పులే అంతరించాయని భావించరాదు. 2010లో కంబ్రియా ప్రాంతంలో ఒక వ్యక్తి లైసెన్సు ఉన్న తుపాకులతో 12 మందిని చంపాడు. చట్టం ఒకసారి చేసి మరచిపోయేది కాదని అక్కడి వారు గ్రహించారు. 2021 నుండి తుపాకి లైసెన్సు ఇచ్చే ముందు దరఖాస్తుదారుని ఆరోగ్య వివరాలను వైద్యుని నుండి తెప్పించుకొని పరిశీలించడం పోలీసుల విధి అయింది.

ఆస్ట్రేలియా: ఆరోగ్య పన్నుతో తుపాకుల కొనుగోలు

డన్‌బ్లేన్ విషాదం జరిగి ఏడు వారాలు గడవక ముందే, 1996 ఏప్రిల్ 28న, ఆస్ట్రేలియాలోని టాస్మేనియా రాష్ట్రంలో పోర్ట్ ఆర్థర్ అనే యాత్రాస్థలంలో ఒక యువకుడు 35 మందిని కాల్చి చంపాడు. అది పాఠశాల కాకపోయినా ఆ దేశపు తుపాకి చట్టాలను మార్చివేసిన ఘటన అదే. నాటి ప్రధాని జాన్ హోవర్డ్ సంప్రదాయవాద పక్షానికి చెందినవారు. తుపాకులు ఎక్కువగా ఉండే గ్రామీణ ప్రాంతాల ఓట్లపై ఆధారపడిన కూటమికి నాయకులు. అయినా 12 రోజులలో అన్ని రాష్ట్రాలను ఒప్పించి జాతీయ ఒప్పందం కుదిర్చారు. వెంటవెంటనే తూటాలు వదిలే తుపాకులను సామాన్యులు ఉంచుకొనే వీలు లేకుండా చేశారు. ప్రతి తుపాకి నమోదు కావాలి, లైసెన్సుకు తగిన కారణం చూపాలి, కొనేముందు కొంత కాలం వేచి ఉండాలి.

ప్రభుత్వం ఆరున్నర లక్షల తుపాకులను ప్రజల నుండి కొని ధ్వంసం చేసింది. అందుకు కావలసిన ధనాన్ని ప్రజల వైద్యసేవల కోసం వసూలు చేసే మెడికేర్ పన్నును ఒక ఏడాది పాటు 1.5 శాతం నుండి 1.7 శాతానికి పెంచి సమకూర్చారు. వైద్యుల దృష్టిలో ఇది ఎంతో అర్థవంతమైన విషయం. మశూచికి టీకా వేయించినట్లు, ఒక దేశం తుపాకి మరణాల నివారణకు ఆరోగ్య పన్నును వెచ్చించింది.

అంతకు ముందు 18 ఏళ్ళలో అయిదుగురు లేదా అంతకు మించి బలైన కాల్పులు ఆ దేశంలో 13 జరిగాయి. ఆ తరువాత 2018 వరకు అటువంటిది జరగలేదు. తుపాకి మరణాలు 1996కు ముందే తగ్గుతూ ఉండటం వలన, ఈ తగ్గుదలలో చట్టం వాటా ఎంత అన్న విషయంపై పరిశోధకులలో వాదోపవాదాలు ఉన్నాయి. 2002లో మెల్బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి చేతి తుపాకులతో తోటి విద్యార్థులు ఇద్దరిని చంపినప్పుడు, మరుసటి ఏడాదిలోనే చేతి తుపాకుల నియమాలను కూడా బిగించి, వాటినీ కొనుగోలు చేశారు. లోపం బయటపడిన చోటల్లా దానిని పూడ్చుతూ పోవడమే అక్కడి పద్ధతి అయింది.

అమెరికా: పరిశోధనకు పడిన తాళం

అదే 1996లో అమెరికా వ్యతిరేక దిశలో నడిచింది. దానికి నేపథ్యం ఒక వైద్య పరిశోధన. అత్యవసర వైద్యుడైన ఆర్థర్ కెల్లర్‌మన్, ఆయన సహచరులు 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆత్మరక్షణ కోసమని ఇంట్లో తుపాకి ఉంచుకొన్నవారి ఇళ్ళలో హత్య జరిగే అవకాశం దాదాపు 2.7 రెట్లు ఎక్కువని అందులో తేలింది. ఈ పరిశోధనకు ధనం ఇచ్చినది వ్యాధుల నియంత్రణ కేంద్రమైన సీడీసీ. తుపాకుల యజమానుల సంఘమైన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆగ్రహించింది.

అర్కాన్సా రాష్ట్రానికి చెందిన కాంగ్రెస్ సభ్యుడు జే డికీ పేరుతో బడ్జెట్టు చట్టంలో ఒక వాక్యం చేరింది. గాయాల నివారణకు కేటాయించిన ధనాన్ని తుపాకుల నియంత్రణను సమర్థించడానికి వాడరాదన్నది దాని సారాంశం. అది పరిశోధనను నిషేధించలేదు. కాని అంతకు ముందు సంవత్సరం తుపాకి పరిశోధనలపై ఖర్చయిన 26 లక్షల డాలర్లను సరిగ్గా అంతే మొత్తంగా ఆ పద్దు నుండి తొలగించారు. సంకేతం అందరికీ అర్థమైంది. ఉద్యోగాలకు, నిధులకు భయపడి పరిశోధకులు ఆ విషయం జోలికి వెళ్ళడం దాదాపు మానుకొన్నారు.

ఈ కథలో మెచ్చుకోదగిన మలుపు ఒకటుంది. నాడు డికీకి ఎదురు నిలిచినవారు సీడీసీలో గాయాల నివారణ విభాగానికి అధిపతి అయిన డాక్టర్ మార్క్ రోజెన్‌బర్గ్. తరువాతి సంవత్సరాలలో వారిద్దరూ మాట్లాడుకొని మిత్రులయ్యారు. 2012లో వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో కలిసి వ్యాసం వ్రాస్తూ, తుపాకి గాయాలపై పరిశోధన తిరిగి మొదలు కావాలని కోరారు. కార్లను నిషేధించకుండానే పరిశోధనల బలంతో రోడ్డు మరణాలను తగ్గించగలిగినప్పుడు, తుపాకుల విషయంలో ఎందుకు ఆ దారి పట్టకూడదన్నది వారి వాదం. డికీ 2017లో కన్నుమూశారు. 2019 చివరలో కాంగ్రెస్ ఈ పరిశోధనలకు రెండున్నర కోట్ల డాలర్లు కేటాయించింది. రెండు దశాబ్దాలకు పైగా కాలం వృథా అయింది.

వైద్యుల నోటికి కూడా తాళం వేసే ప్రయత్నం జరిగింది. ఇంట్లో తుపాకి ఉన్నదా అని రోగులను వైద్యులు అడగడాన్ని ఆంక్షిస్తూ ఫ్లారిడా రాష్ట్రం 2011లో చట్టం చేసింది. అది వాక్స్వాతంత్ర్యానికి విరుద్ధమని 2017లో అప్పీలు న్యాయస్థానం ఆ ఆంక్షను కొట్టివేసింది.

ఆ మధ్యకాలంలో జరిగినవి తెలిసినవే. 1998లో డికీ సొంత రాష్ట్రంలోని జోన్స్‌బరోలో 11, 13 ఏళ్ళ బాలురు ఇద్దరు నలుగురు విద్యార్థినులను, ఒక ఉపాధ్యాయురాలిని చంపారు. 1999లో కొలంబైన్ ఉన్నత పాఠశాలలో ఆ రోజు 13 మంది బలయ్యారు. 2012లో శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో 20 మంది పసివారు, ఆరుగురు పెద్దలు; 2022లో టెక్సస్‌లోని యువాల్డీలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయురాళ్ళు మరణించారు. యువాల్డీలో పోలీసులు లోపలికి వెళ్ళడానికి గంటకు పైగా ఆలస్యం చేశారు. ఆ విషాదం తరువాతనే దాదాపు మూడు దశాబ్దాలలో మొదటిసారిగా ఆ దేశం చెప్పుకోదగిన తుపాకి చట్టం చేసింది.

కాల్పులకు ముందు కనిపించే లక్షణాలు

కొలంబైన్ తరువాత అమెరికా అధ్యక్షుని రక్షణ చూసే సీక్రెట్ సర్వీసు, విద్యాశాఖ కలిసి 1974 నుండి 2000 వరకు జరిగిన 37 పాఠశాల దాడులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తెలుసుకోవలసిన విషయాలు అందులో ఉన్నాయి.

ఈ దాడులు క్షణికోద్రేకంతో జరిగినవి కావు. 81 శాతం సంఘటనలలో, దాడి చేసేవాని ఆలోచన ముందుగానే కనీసం ఒక్కరికైనా తెలుసు. ఆ తెలిసినవారు సాధారణంగా తోటి పిల్లలే. 93 శాతం మంది ప్రవర్తన ముందే ఎవరికో ఆందోళన కలిగించింది. 78 శాతం మందికి ఆత్మహత్య ఆలోచనలో, ప్రయత్నాలో ఉన్నాయి. చాలామంది తోటివారి వేధింపులకు గురైనవారు. 68 శాతం మంది వాడిన తుపాకి సొంత ఇంటి నుండో, బంధువుల ఇంటి నుండో తీసుకొన్నది. శాండీ హుక్‌లో వాడిన తుపాకి కూడా తల్లిదే.

"పిచ్చివాడు చేసిన పని" అని తీర్పు చెప్పడం తేలిక. ఆ నివేదికలో మానసిక వ్యాధి నిర్ధారణ జరిగినవారు 17 శాతమే. మానసిక రోగులలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. వారిని అనుమానించడం వలన చికిత్సకు వచ్చేవారు కూడా రాకుండా పోతారు. దాడి చేసేవాడు ఇలా ఉంటాడని చెప్పగల ముఖచిత్రం ఏదీ లేదని కూడా ఆ నివేదిక స్పష్టం చేసింది. గమనించవలసింది మనిషి రూపాన్ని, కులగోత్రాలను కాదు. మాటలలో, నడతలో వచ్చిన మార్పును.

మన దేశం సంగతి

భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదు. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించారు. మన బడులలో కాల్పులు అరుదుగా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం. అయినా 2007 డిసెంబరులో గుడ్‌గావ్‌లోని ఒక పాఠశాలలో ఎనిమిదవ తరగతి విద్యార్థిని తోటి విద్యార్థులే కాల్చి చంపారు. ఆ తుపాకి వారిలో ఒకరి తండ్రిది. దేశం మారినా సూత్రం మారలేదు. కోపంతో రగిలే పసివాడు, చేతికందే దూరంలో తుపాకి.

మన పల్లెలలో ఆ స్థానంలో ఉన్నది పురుగుమందు డబ్బా. మన జిల్లా ఆసుపత్రులలో పనిచేసిన వైద్యులెవరికైనా ఇది తెలుసు. క్షణికావేశంలో చేతికందినది ప్రమాదకరమైనదైతే ప్రాణం పోతుంది. అందకపోతే ఆ ఆవేశం చాలాసార్లు చల్లారుతుంది. శ్రీలంక 1990లలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను నిషేధించిన తరువాత అక్కడ ఆత్మహత్యల రేటు బాగా తగ్గింది. సాధనాన్ని దూరం చేయడం కూడా ఒక చికిత్స అనడానికి అంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఇంటిలో చేయదగినవి

అమెరికాలో ఉన్న మన పిల్లలకు, ఇక్కడి తల్లిదండ్రులకు కొన్ని సూచనలు.

1. ఇంట్లో తుపాకి లేకపోవడమే పిల్లలకు అత్యంత క్షేమం. తప్పనిసరి అయితే తూటాలు తీసివేసి తాళం వేసి ఉంచాలి; తూటాలను వేరుగా మరొక తాళంలో ఉంచాలి. అమెరికా శిశువైద్యుల సంఘం చెప్పేది ఇదే. "మా వాడికి అది ఎక్కడుందో తెలియదు" అనే నమ్మకం తాళానికి సాటి రాదు.

2. పిల్లలు స్నేహితుల ఇళ్ళకు వెళ్ళేముందు, అక్కడ తుపాకి ఉన్నదా, ఉంటే తాళం వేసి ఉన్నదా అని అడగడానికి మొహమాటపడవద్దు. వేరుశనగ పడదని చెప్పడానికి మొహమాటపడము కదా.

3. తోటి విద్యార్థి ఎవరైనా చంపుతానని గాని, చస్తానని గాని అంటే పెద్దలకు చెప్పడం చాడీ కాదని, ప్రాణరక్షణ అని పిల్లలకు నేర్పాలి. చెప్పిన పిల్లవానిని గద్దించకుండా వినాలి.

4. బడిలో వేధింపులను "పిల్లల ఆటలు" అని కొట్టిపారవేయవద్దు. నిద్ర, తిండి, స్నేహాలు, చదువు ఒక్కసారిగా మారితే వైద్యుని సంప్రదించాలి.

5. మానసిక వేదనలో ఉన్నవారికి మన దేశంలో టెలి మానస్ సేవ 14416 నంబరులో, అమెరికాలో 988 నంబరులో సహాయం లభిస్తుంది.

2021లో మిషిగన్ రాష్ట్రంలోని ఒక ఉన్నత పాఠశాలలో 15 ఏళ్ళ విద్యార్థి తల్లిదండ్రులు కొనిచ్చిన తుపాకితో నలుగురిని చంపాడు. 2024లో ఆ తల్లిదండ్రులిద్దరికీ కూడా న్యాయస్థానం శిక్ష విధించింది. కాల్పుల రోజు ఉదయమే వాని లెక్కల అభ్యాస పత్రంపై తుపాకి బొమ్మ, ఆర్తనాదం వంటి వ్రాతలు చూసి ఉపాధ్యాయులు వారిని బడికి పిలిపించారు. తల్లిదండ్రులు కొడుకును ఇంటికి తీసుకొని వెళ్ళలేదు. వాని సంచిని ఎవరూ తెరచి చూడలేదు. తుపాకి అందులోనే ఉంది.

డన్‌బ్లేన్‌లో అయిదేళ్ళ ముందు వ్రాసిన కాగితం, మిషిగన్‌లో ఆనాటి ఉదయం చూసిన అభ్యాస పత్రం చెప్పేది ఒకటే. హెచ్చరిక అందింది, ఆచరణ లేకపోయింది. పిడుగుకు ముందు హెచ్చరిక ఉండదు. ఈ మరణాలకు ఉంటుంది. హెచ్చరిక ఉన్న వ్యాధిని నివారించగలమన్నది వైద్యశాస్త్రం మనకు ఏనాడో నేర్పిన పాఠం.